జానెడు కారు, రెండు రంగులు

"యాభై ఎమ్మెల్లా? అంటే టీ గ్లాసులో సగమా సార్?"

దీపశ్రీ నవ్వు ఆపుకోవడానికి కనీసం ప్రయత్నం కూడా చేయలేదు. కోలారు బంగారు గనుల దగ్గరి రాబర్ట్‌సన్‌పేట బజారులో వాళ్లది కార్లకూ లారీలకూ రంగులు కలిపి ఇచ్చే అంగడి. అక్కడికొచ్చి అరగ్లాసు రంగు అడిగినవాడు ఇంతవరకూ లేడు. అడిగినవాడు మాత్రం చాలా సీరియస్‌గా ఉన్నాడు.

"అంతే చాలండి," అన్నాడు శశి.

"పావు లీటరు మినిమం సార్. మా అంగట్లో కొంచెం కొంచెం ఇచ్చేది లేదు. తీస్కుంటే డబ్బా మొత్తం."

"అంత రంగు ఏం చేసుకునేది?"

"కారుకు కొట్టుకోండి. యాడ ఉండాది కారు? తీసుకొస్తే మ్యాచ్ చేసిస్తాను."

శశి సంచిలోంచి చెప్పుల పెట్టె తీసి కౌంటరు మీద పెట్టి, మూత తీశాడు.

లోపల దూది మీద జానెడు పొడవు కారు ఉంది. పైకప్పు లేని టూ-సీటరు, 1958 నాటి ఎం.జి. స్పోర్ట్స్ కారు. తలుపులు తెరుచుకుంటున్నాయి, స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు తిరుగుతున్నాయి. హెడ్‌లైట్ల అద్దాలు మాత్రల స్ట్రిప్పు బుడగలు. సీట్లు పాత పర్సు తోలు. ఒక్కో చక్రానికి నలభై ఎనిమిది చువ్వలు, అన్నీ గిటారు తీగ ముక్కలే. రంగు ఒక్కటే తక్కువ.

దీపశ్రీ నవ్వు ఆగిపోయింది. చక్రాన్ని వేలి కొసతో తిప్పి చూసింది. "ఇదంతా మీరే చేసినారా?"

"పద్నాలుగు నెలలు పట్టింది."

ప్రేమ సరిగ్గా అక్కడే పుట్టిందని రాయాలని నాకూ ఉంది. కానీ పుట్టింది గొడవ.

వెనక స్టూలు మీద కూర్చున్న కృష్ణప్ప కళ్లజోడు సర్దుకుంటూ లేచి వచ్చాడు. దీపశ్రీ తండ్రి, అంగడి యజమాని. కారు చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఇది గనుల ఇంజనీరు దొర కారు కదప్పా! నాకు ఏడేండ్లప్పుడు ఈ బజారులో దీని వెంట పరిగెత్తినాను. దీపా, బూడిద రంగు తీయమ్మా. లైట్ గ్రే."

"పచ్చ సార్," అన్నాడు శశి మెల్లగా.

"ఏమి?"

"కారు పచ్చది సార్. మా అవ్వ గురువమ్మ ఆ బంగళాలోనే పని చేసింది. దినామూ కారు తుడిచింది ఆమే."

కృష్ణప్ప వేలు పైకెత్తి బోర్డు చూపించాడు. ముప్పై అయిదేళ్లుగా అక్కడే వేలాడుతున్న రేకు బోర్డు: 'రంగు తేడా వస్తే మీరు అడిగింది ఇస్తాం.' ఇంతవరకూ అడిగే అవసరం ఎవరికీ రాలేదు.

"మా అప్ప కంటికి రంగు తప్పదు," అంది దీపశ్రీ కోపంగా, తండ్రి పక్కకు జరిగి. "మీ అవ్వ మరిచిపోయి ఉంటాది. ప్రూఫ్ ఉంటే తీసుకొని రండి. లేకుంటే గ్రే తీసుకొని పోండి."

శశి ఏదీ తీసుకోకుండానే పోయాడు.

మర్నాడు సాయంత్రం బెంగళూరులో ఉద్యోగం చూసుకుని రైలు దిగి, ఇంటికి వెళ్లి, స్కూటర్ మీద ప్రూఫు తెచ్చాడు. అది వాళ్లవ్వ నీళ్ల డ్రమ్ము మీది మూత.

"ఇదేందిది?" అంది దీపశ్రీ.

"దొర కారు డిక్కీ మూత. కారును తుక్కు కింద అమ్మేసినప్పుడు మా తాత చౌడప్ప నెత్తిన పెట్టుకొని తెచ్చుకున్నాడంట. దీని పైన ఏండ్ల కొద్దీ రంగులు కొట్టినారు. అడుగున అసలుది ఉంటాది."

"మరి డ్రమ్ముకు మూత?"

"తొందరగా తెచ్చియ్యకుంటే నన్నే మూతగా పెడతానంది అవ్వ."

దీపశ్రీకి నవ్వొచ్చింది గానీ కోపంలో ఉన్నట్టు గుర్తొచ్చి మింగేసింది. గరుకు వాటర్ పేపరు తడిపి, మూత మీద ఒక్కచోటే గుండ్రంగా రుద్దసాగింది. శశి పక్కన నిలబడి నీళ్లు పోస్తున్నాడు. ముందు వెండి రంగు తేలింది. దాని లోపల నీలం. ఇంకా లోపల తలుపులకు కొట్టే ఎర్ర రంగు. ఇద్దరి తలలూ దగ్గరకొచ్చాయి. ఎరుపు లోపల రూపాయి బిళ్లంత మేర లేత పచ్చ బయటపడింది. నానబెట్టి తొక్క పితికేసిన అనపగింజకు ఉండే పచ్చ.

"అబ్బ, ఎంత బాగుండాది!" అంది దీపశ్రీ, తండ్రి వింటున్నాడని మరిచిపోయి.

కృష్ణప్ప వచ్చి వంగి చూశాడు. "బాగుండాది సరే. వెండి మీ ఇంట్లో కొట్టింది, నీలం మీరు కొట్టింది, ఎరుపూ మీరు కొట్టిందే. పచ్చ ఒక్కటి మాత్రం దొర కొట్టినాడా?"

శశి ఆ రూపాయి బిళ్లంత పచ్చను తడి వేలితో తుడిచి చూశాడు.

అయినా దీపశ్రీ ఆ పచ్చను పట్టుకోవాలని పంతం పట్టింది. నెలరోజులే గడువు ఉంది. బెంగళూరులో మోడల్స్ ఎగ్జిబిషన్. శశి మూడేళ్లుగా పోతున్నాడు, రెండుసార్లు రెండో బహుమతితో తిరిగొచ్చాడు. ఈసారి మొదటిది తనదేనని అతనికి తెలుసు. కానీ అక్కడ ఒక రూలుంది, రంగు అసలు కారుకున్నదే అయ్యుండాలి.

రోజూ సాయంత్రం రైలు దిగి శశి అంగడికి వచ్చేవాడు. దీపశ్రీ చుక్కలు లెక్కపెట్టుకుంటూ రంగు కలిపేది.

"పసుపు ఇంకో చుక్క?"

"వద్దు, అనపగింజ ముదిరిపోతాది."

"రంగులు నీకు తెలుసా, నాకు తెలుసా?"

"అనపగింజలు నాకు బాగా తెలుసు. పితికింది ఎప్పుడూ నేనే. మా అవ్వ వంట మాత్రమే చేస్తాది."

ఇలాంటి మాటలతో పదిరోజులు గడిచిపోయాయి. పదకొండో రోజు రంగు అచ్చంగా కుదిరింది. ఇక రావడానికి కారణం లేదని ఇద్దరికీ తెలుసు. పన్నెండో రోజు కూడా శశి వచ్చాడు.

"ఏం కావాల?" అంది దీపశ్రీ.

"గ్రే."

"ఏమన్నావు?"

"బూడిద రంగే వేస్తాను దీపా." అతను బోర్డు వైపు చూశాడు. "పచ్చే నిజమని తేలితే మీ అప్ప పరువు పోతాది. ఆయన పరువు తీసినవాడు రేపొచ్చి పిల్లనిమ్మని ఎట్ల అడిగేది?"

అనేశాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. దీపశ్రీ చెంపలు ఎర్రబడ్డాయి. మామూలు అమ్మాయైతే తల దించుకునేదేమో. ఈమె డబ్బా మూత ఠప్పున వేసింది.

"నాకోసం అబద్ధం రంగు కొడతావా? పెండ్లి కాకముందే ఇట్లయితే, అయినాక ఇంగ ఎన్ని అబద్ధాలు చెప్తావు? పద్నాలుగు నెలలు ఒక్కొక్క చువ్వ పెట్టినవాడివి, ఆఖరికి రంగు కాడ భయపడతావా?"

"మరి మీ అప్ప?"

"మా అప్ప నాకు ముఖ్యమే. నిజమూ ముఖ్యమే. రెండూ నిలబడే దారి చూడు."

పెళ్లి మాటకు ఆమె కాదనలేదన్న సంగతి శశికి సగం దారిలో వెలిగింది. మిగతా సగం దారి స్కూటర్ నడిపాడో, ఎగిరాడో అతనికే తెలియదు.

దారి దొరికింది మాత్రం దీపశ్రీకే. ఆదివారం మధ్యాహ్నం డ్రమ్ము మూత తిరిగివ్వడానికి ఆమె తన ఎర్ర స్కూటీ మీద చాంపియన్ రీఫ్ గని కార్మికుల లైన్లలో ఉన్న శశి ఇంటికి బయలుదేరింది. గాలి బాగా వీస్తోంది. బంగారం తీసేశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బ మీది సన్నటి దుమ్ము రోడ్డంతా కమ్మేస్తోంది. గనులు మూతపడి ఏళ్లవుతున్నా ఆ దిబ్బలకు మాత్రం సెలవు లేదు. ఆమె చున్నీ ముఖానికి చుట్టుకుని ఇల్లు చేరేసరికి గుమ్మంలో గురువమ్మ నిలబడి ఉంది.

"రామ్మా. ఏం బండి ఇది, బూడిద రంగుది కొన్నావా?"

దీపశ్రీ తన స్కూటీ వైపు చూసుకుంది. వేలితో సీటు కింద ఒక గీత గీసింది. గీత మేర ఎర్రగా మెరిసింది. ఆమె వెంటనే "శశీ!" అని వీధి అదిరేలా కేక పెట్టింది.

అతను పరిగెత్తుకొచ్చాడు.

"మీ అవ్వ తుడిచిన కారు పచ్చది. మా అప్ప చూసిన కారు బూడిద రంగుది. ఆ రెండింటి మధ్యలో దిబ్బ ఉండాది!"

గురువమ్మ బుగ్గ నొక్కుకుంది. "అయ్యో, అడిగింటే నేనే చెప్తా ఉంటిని కదమ్మా. పొద్దున్నే అద్దంలా తుడిచి పంపిస్తే దిబ్బ దాటేసరికి మళ్లీ అంతే. దొర బజారుకు పోయింది ఎప్పుడూ ఆ మొగంతోనే."

ఎగ్జిబిషన్‌కు వారం ముందు, వాన కురుస్తున్న సాయంత్రం, శశి తన అవ్వను వెంటబెట్టుకుని అంగడికి వచ్చాడు. కౌంటరు మీద పెట్టె తెరిచాడు. జానెడు కారు మీద పొయ్యి బూడిద, గుడ్డలో జల్లించి చల్లినది, పలచగా పరుచుకుని ఉంది.

కృష్ణప్ప పెట్టె మీదికి వంగాడు. "ఇదే! ఇదే కదప్పా నేను చెప్పింది! దీపా, చూసినావా?" ఆయన ఏడేళ్ల పిల్లవాడిలా నవ్వాడు. బయట వానను చూసి ఇంకా ఉత్సాహం వచ్చింది. "ఇట్లాంటి వానలో మాత్రం దొర దీన్ని బయటికి తీసేవాడు కాదు. వానకు ఇంకో కారు ఉండె. అది పచ్చది."

ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఈ రెండో కారు గురించి ఎవరికీ తెలియదు.

"ఆ పచ్చ కారు నంబరెంతప్పా?" అని నిదానంగా అడిగింది గురువమ్మ.

"నాలుగు వందల డెబ్బై రెండు. మేం పిల్లోళ్లంతా అరుచుకుంటా వెంట పరిగెత్తేవాళ్లం."

"మరి బూడిద కారుది?"

"అదీ నాలుగు వందల..."

కృష్ణప్ప నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

గురువమ్మ కొంగు వాన నీళ్లలో తడుపుకుని వచ్చింది. "ఉన్నింది ఒకటే కారప్పా. వాన తుడిచిన రోజు నీకు పచ్చగా కనపడింది, మిగిలిన రోజులు నాకు మాత్రమే." అని, ఎన్నో పొద్దులు చేసిన పనే కాబట్టి చూడకుండానే, బానెట్టు నుంచి డిక్కీ దాకా ఒక పక్క తుడిచింది. బూడిద కింద నుంచి పితికిన అనపగింజ పచ్చ తళతళా బయటికి వచ్చింది.

రెండో పక్కకు ఆమె చెయ్యి పోతుండగా కృష్ణప్ప ఆపాడు.

"చాలమ్మా. ఆ సగం అట్లనే ఉండనీ."

వెళ్లి స్టూలు మీద కూర్చుని వాన చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు బోర్డు ఉన్నచోట రెండు మేకులు మాత్రమే ఉన్నాయి.

"నాలుగు దినాలాయె, మా అప్ప ఎవరితోనూ మాట్లాడటం లేదు," అంది దీపశ్రీ ఫోన్లో. "అయినా నేను ఎగ్జిబిషన్‌కు వస్తాను. కారు అట్లనే తీసుకొని పో. ఒక పక్క పచ్చ, ఒక పక్క దుమ్ము. దుమ్ము రాలిపోకుండా మెరుపు లేని మ్యాట్ వార్నిష్ కొట్టి ఇస్తాను."

శశి ఆ కారు పక్కన చిటికెన వేలి గోరంత బకెట్టు, పిండిన గుడ్డ కూడా చేసి పెట్టాడు.

బెంగళూరు హాల్లో నూటికి పైగా మోడల్స్ ఉన్నాయి. మెరిసే ఎర్ర కార్లు, నల్ల కార్లు, అన్నీ అద్దంలా ఉన్నాయి. జనం మాత్రం సగం దుమ్ముపట్టిన ఆ జానెడు కారు చుట్టూ మూగారు. తెల్లజుట్టు జడ్జి ఒకాయన భూతద్దం పెట్టుకుని చువ్వలు లెక్కపెట్టాడు, మళ్లీ లెక్కపెట్టాడు. తర్వాత పచ్చను, దుమ్మును చాలాసేపు చూశాడు.

సాయంత్రం మైకులో పేరు వినిపించింది. "ఫస్ట్ ప్రైజ్, శశి, కె.జి.ఎఫ్.!"

దీపశ్రీ ఈల వేసింది. గురువమ్మ పక్కనున్న తెలియని మనిషిని పట్టుకుని, "నేను తుడిచిన కారప్పా అది!" అని చెప్పింది. శశి కప్పు అందుకుని దిగి వస్తుండగా గుంపును తోసుకుంటూ కృష్ణప్ప కనిపించాడు. చొక్కా చెమటతో తడిసి ఉంది. చంకలో న్యూస్‌పేపర్లు చుట్టిన పెద్ద రేకు.

"అప్పా, నువ్వెట్ల వచ్చినావు?" అంది దీపశ్రీ.

"రైల్లో. దీన్ని మోసుకొని నిలబడే వచ్చినాను." ఆయన పేపర్లు చించేశాడు. అదే బోర్డు. "మాట చెల్లించకుండా దీన్ని అంగట్లో ఎట్ల పెట్టుకునేది? వారం దినాలు ఆలోచించినాను. నా కంట్లో తేడా ఏమీ లేదు, నేను చూసింది నిజమే. కానీ రంగు తేడా వచ్చింది. నాదే తప్పు." శశి వైపు తిరిగాడు. "ఇది చదువుకో. ఏం కావాలో అడగప్పా."

శశి కప్పును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"సార్... దీపశ్రీని..."

"ఆగు!" అంది దీపశ్రీ. "నేనేమన్నా అల్మారాలో డబ్బానా, మా అప్ప తీసి ఇచ్చేదానికి? అడిగేది నన్ను."

కృష్ణప్ప వెంటనే ఒక అడుగు పక్కకు జరిగాడు. కూతురి సంగతి ఆయనకు బాగా తెలుసు. శశి కప్పును రెండు చేతులా పట్టుకుని ఆమె ఎదుట నిలబడ్డాడు.

"దీపా, నువ్వంటే నాకు ప్రాణం. నన్ను పెండ్లి చేసుకుంటావా?"

దీపశ్రీ కళ్లలో నీళ్లు తిరిగాయి. గొంతు మాత్రం అంగట్లోదే.

"మా దగ్గర కొంచెం కొంచెం ఇచ్చేది లేదు సార్. తీస్కుంటే డబ్బా మొత్తం."

"మొత్తమే కావాల," అన్నాడు శశి.

చుట్టూ ఉన్నవాళ్లలో తెలుగు తెలిసినవాళ్లు చప్పట్లు కొట్టారు, తెలియనివాళ్లు వాళ్లను చూసి కొట్టారు. గురువమ్మ ఇద్దరి తలల మీదా చేతులు పెట్టింది. కృష్ణప్ప కళ్లజోడు తీసి తుడుచుకుని, రేకు బోర్డును శశి చేతిలో పెట్టాడు.

"ఇంగ దీన్ని నువ్వు మొయ్యి అల్లుడా. పొద్దుట్నుంచీ నా చెయ్యి పడిపోతా ఉండాది."