నొక్కితే తెల్లబడే దద్దుర్లు

పేరుకి టైలర్ని, మా బుడ్డోడికి ఓ చొక్కా కుట్టే తీరిక మాత్రం నాకెప్పుడూ దొరకదు. మూడు రోజుల జ్వరంలో వాడికున్న నాలుగు చొక్కాలూ చెమటకి తడిసి ముద్దయ్యాయి. ఎవరో కుట్టమని ఇచ్చి, నాలుగు నెలలైనా తీసుకెళ్లని ఏడాది పిల్లాడి చొక్కా బీరువాలో ఉంది. ఊరికే పడి ఉందిగా అని అదే తొడిగేశాను.

నాలుగో రోజు మధ్యాహ్నం జ్వరం దిగింది. ఒంటినిండా ఎర్రటి దద్దుర్లు! ఫోన్ చేస్తే డాక్టరమ్మ తాపీగా చెప్పింది.

"జ్వరం తగ్గాక కొందరు పిల్లలకి ఇలా వస్తుందమ్మా. గాజు గ్లాసుతో అదిమి చూడు. ఎరుపు మాయమైతే కంగారుపడకు. మాయం కాకపోతే వెంటనే తీసుకొచ్చేయ్."

చొక్కా పైకెత్తి, వీపు మీద గ్లాసు అదిమాను. తెల్లబడింది. హమ్మయ్య! గ్లాసు తీస్తే మళ్లీ ఎర్రబడింది. మిషన్ నూనె వాసన, ఫ్యాను కిర్రుకిర్రు, వాడి ఊపిరి. ఇంకే చప్పుడూ లేదు.

అప్పుడు చూశాను... ఎర్రటి వీపు మీద వరసగా నాలుగు తెల్ల మచ్చలు. పోయాయి. మళ్లీ పడ్డాయి. గ్లాసు నా చేతిలోనే ఉంది. నాకు కనపడని వేళ్లేవో వాణ్ణి జోకొడుతున్నాయి...

"అత్తయ్యా..." అని పిలిచాను.

మా అత్తగారు వచ్చారు. ఆవిడ చూపు చొక్కా మీదే ఆగిపోయింది.

"ఇది ఎందుకు తొడిగావే?" గుసగుసగా అడిగారు. "ఇది కుట్టమని ఇచ్చిన వాళ్ల పిల్లాడు ఇలాగే జ్వరమొచ్చి పోయాడే. నెల తిరక్కుండా ఆ తల్లీ పోయింది..."

చొక్కా ఊడబెరికి అవతల పారేశాను. వెంటనే వాడి రెండు చంకల కిందా తెల్లబడింది. వాడు పైకి లేస్తున్నాడు... నడుం పట్టుకుని వేలాడాను.

"ఇవ్వను! నా ప్రాణం పోయినా ఇవ్వను!"

వాడు ఏడవలేదు. ఎదురుగా ఎవరూ లేని చోటికి చూసి నవ్వాడు. ఎంతసేపు లాగానో తెలీదు. చివరికి నా ఒళ్లో పడ్డాడు.

రెండు రోజుల్లో దద్దుర్లు పోయాయి. నిన్న డాక్టరమ్మ వాణ్ణి కాటా మీద కూర్చోబెట్టి, "తొమ్మిదిన్నర కిలోలు. భేషుగ్గా ఉన్నాడు" అంది.

ఎత్తుకుని ఇంటికి బయల్దేరాను. నా చేతుల్లో సగం బరువే ఉన్నాడు. చంక మార్చి చూశాను. అంతే. భయమేసి వాణ్ణి గట్టిగా అదుముకున్నాను.

అవతలి వైపు నుంచి కూడా అదుముకున్నారు.