బతికున్న టీచరమ్మ చావు నోటీసు

ఉదయం ఎనిమిదిన్నరకి ట్రామ్ స్టాపు పక్కనున్న చెట్టు మీద కామెన్ తన అక్క చావు నోటీసు చూశాడు. బల్గేరియాలో ఎవరు పోయినా ఇలా వీధుల్లో నోటీసులు అంటిస్తారు. జిగురు ఇంకా తడిగానే ఉంది. నల్ల అంచు, నవ్వు లేని ఫొటో, కింద అచ్చు: "ఇస్క్రా బోనేవా, లెక్కల టీచరు, లెవా పరిరక్షణ ఉద్యమ నాయకురాలు, మార్చి పన్నెండున హఠాత్తుగా మరణించారు. అంత్యక్రియలు పదమూడున మధ్యాహ్నం రెండు గంటలకు."

ఆ రోజే మార్చి పన్నెండు.

వెంటనే అక్కకి ఫోన్ చేశాడు. అక్కాతమ్ముళ్ళకి మాటల్లేక దాదాపు ఏడాది. పోయిన ఈస్టర్ నాడు, దేశం డబ్బు లెవా పోయి యూరో వస్తే మంచిదే అన్నాడని, ఇస్క్రా అతని ముందున్న వేటమాంసం పళ్ళెం తీసేసింది.

"ఏమిట్రా?" అంది ఇస్క్రా.

కామెన్‌కి ప్రాణం లేచొచ్చింది. "అక్కా, ఎక్కడున్నావు?"

"పార్లమెంటు ముందు. మధ్యాహ్నం నీ యూరో మీద ఓటింగ్ కదా. పదకొండింటికి నా ఉపన్యాసం."

"ఇవాళ మాట్లాడకు. నిన్ను చంపాలని చూస్తున్నారు."

"ఓహో, ఈ బెదిరింపు మీ మంత్రి పంపాడా?"

"ఎవరూ పంపలేదు. నా మాట విను."

"లెవా పోయిన మర్నాటి నుంచి మన వడ్డీ ఎంతో ఫ్రాంక్‌ఫర్ట్‌లోని యూరో బ్యాంకులో కూర్చున్నవాళ్ళు చెబుతారు. ఆ ముక్క చెప్పకుండా ఇంట్లో కూర్చోనా?" ఫోన్ పెట్టేసింది.

కామెన్ గూఢచారి శాఖలో మేజర్. పావుగంటలో కల్నల్ తొరొమానోవా ముందు నిలబడ్డాడు. ఆవిడ బానిత్సా, అంటే జున్ను పెట్టిన పొరల రొట్టె, తింటూనే బ్రీఫింగ్ మొదలుపెట్టింది.

"ఇది మనం వెంటాడుతున్న విదేశీ ముఠా పని. వాళ్ళకి లెవా అయినా ఒకటే, యూరో అయినా ఒకటే. మనలో మనం కొట్టుకు చావాలి, అంతే. మీ అక్క స్టేజీ మీద పోతే నింద ప్రభుత్వం మీద పడుతుంది. ఊరు తగలబడుతుంది, ఓటింగ్ ఆగిపోతుంది. ఆ తర్వాత ఈ దేశంలో ఏ నిర్ణయమూ మనది కాదు."

"ఎలా చంపుతారు?"

"హోటల్ పైకప్పు మీద షూటర్. రలిత్సా కబురు పంపింది. మనవాళ్ళందర్నీ పైకప్పుల మీదికి ఎక్కించాను. కోడ్ మాట 'పెరుగు'. అది వినబడితే అందరూ స్టేజీకి పరిగెత్తాలి."

రలిత్సా టీవీ యాంకర్, అందగత్తె. మూడేళ్ళుగా ముఠాలో ఉంటూ కల్నల్ శాఖకి రహస్యాలు మోస్తోంది. కామెన్‌కి మాత్రం ఒక్క సంగతి మింగుడుపడలేదు. మనిషి పోకముందే నోటీసు అంటించి గుట్టు బయటపెట్టుకునే ముఠా ఉంటుందా?

తడి నోటీసుల జాడ పట్టుకుని నాలుగు వీధులు తిరిగాడు. చివరికి బకెట్టూ బ్రష్షూతో గెంచో ముసలాయన దొరికాడు.

"బాబాయ్, ఇవి నీకెవరిచ్చారు?"

"ఒకమ్మాయి. మధ్యాహ్నం పన్నెండు దాటాకే అంటించమంది. దానికేం తెలుసు? రేపు అంత్యక్రియలైతే ఇవాళ మధ్యాహ్నం అంటిస్తే ఎవరు చూస్తారు, పూలెప్పుడు కొంటారు? నలభై ఏళ్ళ సర్వీసు నాది. ఏ శవాన్నీ ఒంటరిగా సాగనంపలేదు. అందుకే తెల్లారగానే మొదలెట్టా."

"చనిపోయింది ఇవాళ అని ఉంది. చూడలేదా?"

"రాత్రే పోయిందేమో అనుకున్నా. మంచి టీచరమ్మ, పాపం. నా మనవరాలికి లెక్కలు ఆవిడే చెప్పింది." గెంచో గొంతు తగ్గించాడు. "లెవా కోసం పోరాడిన మనిషి నోటీసుకి కూలి యూరోల్లో ఇచ్చిందయ్యా ఆ పిల్ల. నాకు నచ్చలేదు."

"ఆమె గుర్తులేమైనా?"

"ఎడమ కనుబొమ్మ మీద గాటు. మొహం మాత్రం చందమామే."

ఆ గాటు రలిత్సాది. అక్క పోగానే ఊరంతా రగలాలని నోటీసులు ముందే అచ్చేయించింది. పైకప్పు మీద షూటరూ లేడు, గీటరూ లేడు. కాపలా మొత్తాన్ని పైకి తోలి, ఆమె కింద అక్క పక్కనే ఉంటుంది. టైము పదీ నలభై.

"బాబాయ్, నీ కోటూ టోపీ బకెట్టూ ఇవ్వు."

అక్క ఫోన్ ఎత్తడం లేదు. శాఖ మైకులో చెబితే, అదే లైనులో ఉన్న రలిత్సా కూడా వింటుంది. ట్రామ్‌లు ఆగిపోయాయి. పార్లమెంటు ముందు చౌరస్తాలో ఇసుకేస్తే రాలనంత జనం. అయినా చావు నోటీసులవాడికి ఎవరైనా దారిస్తారు. కోటుకి జిగురంటుతుందని కొందరు, కాగితం మీద తెలిసిన పేరుంటుందేమోనని కొందరు తప్పుకున్నారు. కామెన్ తల వంచుకుని, పళ్ళు బిగించి నడిచాడు. అక్కతో ఆఖరి మాట పోట్లాటే అయిపోతుందేమోనని ఏడుపొస్తోంది.

స్టేజీ మీద రలిత్సా ఎర్రకోటులో వెలిగిపోతోంది. చేతులకి తోలు గ్లవ్స్, వేళ్ళ మధ్య బంగారు సింహం బ్రోచ్. "మా అభిమానంగా ఇది పెట్టుకోండి" అంటూ ఇస్క్రా మెడ మీదికి వంగింది. బ్రోచ్ వెనక సూది ఉండాల్సినదానికంటే రెండింతలుంది. కొస నల్లగా ఉంది.

కామెన్ రెండంగల్లో మెట్లెక్కాడు. సూది చర్మానికి వేలెడు దూరంలో ఉండగా, బకెట్టెడు తెల్లటి జిగురు రలిత్సా నెత్తిన కుమ్మరించి మణికట్టు ఒడిసి పట్టుకున్నాడు.

"పెరుగు" అన్నాడు కాలర్ మైకులో.

"కనబడుతూనే ఉంది" అంది కల్నల్, పైకప్పు నుంచి బైనాక్యులర్స్‌లో చూస్తూ.

"కామెన్, కొత్త కోటు ఇది" అంది రలిత్సా.

"జైల్లో ఇంకోటిస్తారు. వేళ్ళు తెరువు."

బ్రోచ్ కింద పడింది. పైకప్పుల మీది మనుషులు దిగొచ్చి రలిత్సాని తీసుకుపోయారు.

"ఒరేయ్, సభ చెడగొట్టడానికొచ్చావా?" అని లేచిన ఇస్క్రా, తమ్ముడు చూపించిన సూది చూసి ఆగిపోయింది. అతని కోటు రెండు చేతులా పట్టుకుని కాసేపు వదల్లేదు. తర్వాత మైకు దగ్గరికెళ్ళి యూరోని నలభై నిమిషాలు ఉతికి ఆరేసింది.

"ఆపించనా?" అంది కల్నల్, కామెన్ చెవిలోని ఇయర్‌ఫోన్‌లో.

"వద్దు. చెప్పుకోనివ్వండి."

మధ్యాహ్నం ఓటింగ్ జరిగింది. యూరో గెలిచింది. ఇస్క్రా స్టేజీ మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. కామెన్ పక్కన కూర్చున్నాడు.

"ఓడిపోయాం రా."

"మనవాళ్ళ చేతిలోనే కదా, అక్కా."

"అదొక్కటే నయం." ముక్కు తుడుచుకుంది. "బయటివాడెవడో ఓడించి ఉంటే ఈ జన్మకి నిద్రపట్టేది కాదు. సరే, రేపు పదింటికి ఈ ఓటింగ్ మీద కోర్టులో కేసు వేస్తున్నా. మొదటి సంతకం నీది."

"అక్కా, నేను యూరో వైపు."

"ప్రాణం కాపాడావు కదా, ఇప్పుడు నా వైపే."

విదేశీ ముఠా నుంచి ఇస్క్రాని కాపాడటానికి ఒక శాఖ మొత్తం ఉంది. ఇస్క్రా నుంచి కామెన్‌ని కాపాడే శాఖ బల్గేరియాలోనే కాదు, యూరోపియన్ యూనియన్‌లోని ఏ దేశంలోనూ లేదు.