చచ్చిన కొర్రమీను

మొజంజాహీ మార్కెట్లో, ఐస్‌క్రీం కప్పు చేతిలో ఉండగానే రాంచందర్ కూలిపోయాడు. మెడ మీద సూది గుచ్చిన చుక్క తప్ప ఇంకే గుర్తూ లేదు.

గుచ్చింది ప్రణవి. డబుల్ ఏజెంట్. రెండు వైపులా జీతం తీసుకునే అందగత్తె. ఆమె రాంచందర్ వైపు నడుస్తున్నప్పుడే అతని పార్ట్‌నర్ ఎల్లేష్ గుర్తుపట్టాడు. ఆపాలా, వద్దా? ఇంకా మన మనిషేనేమో. ఆపితే ఆపరేషన్ మొత్తం చెడుతుందేమో. పిస్టల్ మీద ఒక చేయి ఉంచి, రెండో చేత్తో చీఫ్‌కు మెసేజ్ పెట్టి, జవాబు కోసం చూశాడు. ‘ఆపు’ అని జవాబు వచ్చేసరికి రాంచందర్ నేల మీద ఉన్నాడు, ప్రణవి పళ్ల దుకాణాల మధ్య మాయమైంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

ఆ తర్వాత ఎల్లేష్ సరిగ్గా నిద్రపోలేదు. ముందు తన మీద తనకే కోపం వచ్చింది. రోజులు గడిచే కొద్దీ ఆ కోపమంతా ఆమె మీదికి మళ్లింది. అందులో సగం తనకే చెందాలని అతనికి తెలుసు. అయినా పగ పగే.

మరుసటి జూన్‌లో చీఫ్ సౌభాగ్య అతన్ని పిలిపించింది. అబిడ్స్‌లో ఒక బట్టల షాపు పైన, ట్రావెల్ ఏజెన్సీ బోర్డు వెనక ఆమె ఆఫీసు. బ్రీఫింగ్ చిన్నదే. విదేశాల్లో మారుపేర్లతో పనిచేస్తున్న మన ఏజెంట్ల వివరాలున్న మైక్రోచిప్ దొంగతనమైంది. ప్రణవి దాన్ని మృగశిర కార్తె రోజు, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో, చేపమందు కోసం వచ్చే జనం మధ్య ఒక విదేశీ ముఠాకు అందిస్తుంది. చిప్ చేయి మారితే ఆ ఏజెంట్లలో ఒక్కరూ ప్రాణాలతో తిరిగి రారు. ఇంకో సంగతి కూడా చెప్పింది. ముఠాకు ప్రణవి మీద నమ్మకం లేదు. మనవైపు తిరిగిందన్న అనుమానం వస్తే చాలు, అక్కడికక్కడే ఖతం చేస్తారు.

“చిప్ ముఖ్యం. ఆమె పాణంతోని దొరికితే ఇంకా మంచిది, వ్యాన్ తయారుగ ఉంటది” అంది సౌభాగ్య. “ఈసారి నన్ను అడగకు ఎల్లేష్. గాడ ఏం జెయ్యాల్నో నువ్వే జెయ్యి.”

మాసిన ధోవతి, భుజాన తువ్వాలు, చెవిలో శనగగింజంత ఇయర్‌పీస్, ఆగని దగ్గు. ఎల్లేష్ అచ్చం ఆయాసం రోగిలా క్యూలో నిలబడ్డాడు. అందరి చేతుల్లోనూ నీళ్లు నింపిన పాలిథిన్ కవర్లు, వాటిలో కొర్రమీను పిల్లలు. మందును చేప నోట్లో పెట్టి, అది బతికుండగానే మింగిస్తారు. చేప కాస్త నీరసపడితే చాలు, జనం కౌంటర్‌కు పరుగెత్తి ఇంకోటి తెచ్చుకుంటున్నారు.

ముందున్న ముసలమ్మ తన పక్కావిడను గదమాయిస్తోంది.

“నీ చాప సచ్చింది బిడ్డా. పోయి మార్చుకో.”

నెరిసిన జుట్టు, నేత చీర, ముఖానికి మాస్కు ఉన్న పక్కావిడ తలూపింది. కదల్లేదు. వెల్లకిలా తేలుతున్న చేపతో సహా కవర్‌ను ఇంకా గట్టిగా పట్టుకుంది. వేషానికి ఎంత ఖర్చు పెట్టారో గానీ, ఇక్కడ చచ్చిన చేపను ఎవరూ మోయరని మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఎల్లేష్ పక్కకు జరిగాడు. అతని ఉంగరంలోని డిటెక్టర్ వణికింది. చిప్ చేప కడుపులో ఉంది. అప్పుడే డాక్టర్ కోటు వేసుకున్న బట్టతల మనిషి ఒకడు ఆమె కవర్ కోసం చేయి చాచాడు. ఆ వేళ్లు కవర్‌ను తాకేలోపు ఎల్లేష్ దగ్గుతూ వాళ్ల మధ్య పడి, కవర్ లాక్కున్నాడు. బట్టతల మనిషి ఇద్దరినీ ఒకసారి చూసి జనంలోకి తప్పుకున్నాడు.

“సచ్చిన చాపను ఎవ్వలు మింగరు ప్రణవీ” అన్నాడు ఎల్లేష్ మెల్లగా. “అదిగో వ్యాన్, డోర్ తెరిచే ఉన్నది. ఎక్కితే బతుకుతవ్. వాళ్ల దిక్కు పోతనంటవా, పో.”

ఆమె వ్యాన్ వైపు చూసింది. అటు జైలు. జనం వైపు చూసింది. అటు వాళ్లను ఇంకా నమ్మించవచ్చేమోనన్న ఆశ. రెండు పడవల మీద కాళ్లు పెట్టి ఇన్నేళ్లు హాయిగా బతికిన మనిషి, ఏదో ఒక పడవ దిగమంటే ఎలా దిగుతుంది?

“జర ఒక్క నిమిషం. ఆలోచించుకోనీ” అంది.

డాక్టర్ కోటు జనాన్ని తోసుకుంటూ తిరిగి వస్తోంది. ఎల్లేష్ చూశాడు. ఆమె చేయి పట్టి ఒక్క గుంజు గుంజితే వ్యాన్‌లో పడుతుంది. లాగు, లాగు అంటోంది ఇయర్‌పీస్‌లో సౌభాగ్య. ఈసారి ఎల్లేష్‌కు ఏ ఊగిసలాటా లేదు. చేతులు కట్టుకున్నాడు.

“ఆలోచించుకో” అన్నాడు.

బట్టతల మనిషి ఆమెను రాసుకుంటూ వెళ్లిపోయాడు. ప్రణవి మెడ తడుముకుంది. వ్యాన్ వైపు ఒక అడుగు వేసింది. పాపం, అప్పటికి తేల్చుకున్నట్టుంది. రెండో అడుగు పడలేదు. ఆ డాక్టర్ కోటును గేటు దాటకముందే మనవాళ్లు పట్టుకున్నారు.

సాయంత్రం అబిడ్స్ ఆఫీసులో, కడిగిన చిప్ టేబుల్ మీద ఉంది. విదేశాల్లో మనవాళ్లంతా క్షేమం. ప్రణవి బతికుంటే ముఠా మొత్తం చేతికి చిక్కేదని, ఎందుకు లాగలేదని సౌభాగ్య అడిగింది.

రాంచందర్ పోయాక ఎల్లేష్‌కు మొదటిసారి బాగా ఆకలి వేస్తోంది. లేచి నిలబడ్డాడు.

“టైం అడిగింది మేడం. ఇచ్చిన.”