పదిహేడో నంబరు, మూడో ట్యూబు

“ఈ అరగంటలో ఏమైనా తాగారా?”

“టీ తాగాను.”

“అయితే ఈ శాంపిల్ పనికిరాదు. ఇచ్చిన కాగితం చదవలేదా?”

“పన్నెండు గంటలు అంబులెన్సు నడిపి వచ్చాను మేడమ్. టీ కూడా తాగనివ్వకుండా ఒత్తిడి కొలుస్తారా?”

వాళ్లిద్దరి మధ్య మొదటి మాటలు ఇవే. ఒత్తిడి నుంచి మనిషి ఎలా తేరుకుంటాడన్నది ఆమె పరిశోధన. ఇరవై నాలుగు మంది డ్రైవర్లు వారానికోసారి డ్యూటీకి ముందు, డ్యూటీ దిగాక, మరో అరగంటకు దూది నమిలి ట్యూబులో వేసి ఇవ్వాలి. ఆ దూదిలోని లాలాజలంలో ఒత్తిడి హార్మోను ఎంతుందో ఆమె కొలుస్తుంది. పేర్లు అడగకూడదు. అతను పదిహేడు.

మిగతావాళ్లు మూడో ట్యూబు అంబులెన్సుల షెడ్డులోని ఫ్రిజ్‌లో పెట్టి ఇళ్లకు వెళ్లేవారు. అతను ల్యాబుకు వచ్చి, ఆమె ఎదురుగా అరగంట కూర్చుని దూది నమిలేవాడు.

“షెడ్డులో ఫ్రిజ్ ఉందిగా, పదిహేడు గారూ?”

“దాని తలుపు సరిగ్గా పడట్లేదండి.”

ఎనిమిది నెలలు ఆ తలుపు సరిగ్గా పడలేదు.

అందరికీ మూడో ట్యూబులో హార్మోను తగ్గింది. అతనికి పెరిగింది. డ్యూటీ ఒత్తిడిని ముఖం దాచినా ఒళ్లు దాచలేదని ఆమె అతని అంకెలతో ఒక పేజీ రాసి, యువ పరిశోధకుల పురస్కారానికి పంపింది. ఆఖరి ముగ్గురిలో నిలిచింది. డాక్టరేట్ వచ్చి ఏడేళ్లు దాటితే అర్హత ఉండదు. ఆమెకు ఇది ఏడో ఏడు. వస్తే ఐదేళ్లు సొంత ల్యాబు. రాకపోతే ఈ ఉద్యోగం ఏడాది చివరిదాకే. శుక్రవారం ఇంటర్వ్యూ.

బుధవారం ఆమె అతనితో అంది: “డాక్టరుకు చూపించుకోండి. నవ్వులాట కాదు. మీకు ఒక్కసారి కూడా తగ్గలేదు. రెండుసార్లు తగ్గినట్టు వచ్చింది గానీ, ట్యూబులు పాడై ఉంటాయని ఆ అంకెలు తీసేశాను.”

“ఏ తేదీలవి?”

చెప్పింది. అతను చేతిలోని ట్యూబుకు మూత బిగించాడు.

“ఆ రెండు రోజులూ మీరు సెలవండి. ఎదురుగా వేరేవాళ్లు కూర్చున్నారు.”

ఆమె గోడ మీది క్యాలెండరు వైపు తిరిగింది.

“రెండో రోజు బండిలో ఒక పెద్దాయన పోయారు. దారిలోనే. అయినా తగ్గింది చూడండి. పెరుగుతున్నది డ్యూటీ వల్ల కాదు. ఇది చెప్పకూడదనే అనుకున్నాను. కానీ తప్పు లెక్కతో మీరు వాళ్ల ముందు నిలబడటం నాకిష్టం లేదు.”

స్టడీ నుంచి తప్పుకునే ఫారం అడిగి తీసుకున్నాడు. సంతకం పెట్టాడు. ‘కారణం’ అన్నచోట ఏమీ రాయలేదు.

“ఇది?”

“చెప్పక్కర్లేదట కదా. కాగితం చదివాను మేడమ్.”

ఆ సాయంత్రం ఆమె సెలవుల రిజిస్టరు తీసి చూసింది. రెండు తేదీలూ సరిపోయాయి. ఇంటికి వెళ్లి అన్నం కలుపుతూ కూర్చుంది.

“ఏమైందే?” అంది అక్క.

“పదిహేడు మానేశారు.”

“అయ్యో. ఇరవై నాలుగు మందిలో ఈ ఇంట్లో నేను విన్న నంబరు అదొక్కటే.”

శుక్రవారం ఐదుగురు పెద్దల ముందు ఆమె ఆ పేజీ వెనక్కి తీసుకుంది.

“శాంపిల్ తీసే మనిషి వల్ల అంకె మారింది. ఆ మనిషిని నేనే. నేను లేనప్పుడు తగ్గిన రెండు రీడింగులూ కొట్టేసింది కూడా నేనే.”

ఛైర్మన్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. వారం తర్వాత పురస్కారం ఇంకొకరికి ప్రకటించారు.

ఆ రోజే ఆమె షెడ్డుకు వెళ్లింది. ముందు ఫ్రిజ్ తలుపు తీసి వేసింది. సరిగ్గానే పడింది. అతను బండి అద్దాలు తుడుస్తున్నాడు. చూసి గుడ్డ కింద పెట్టాడు.

“వచ్చిందా?”

“రాలేదు.”

“నా వల్లే.”

“కొట్టేసింది నేను.” సంచిలోంచి ఫారం తీసింది. “ఇందులో కారణం ఖాళీగా ఉంది.”

“చెప్పక్కర్లేదని మీ కాగితంలోనే...”

“అది స్టడీలో ఉన్నవాళ్లకి. నువ్వు ఇప్పుడు స్టడీలో లేవుగా.”

ఎనిమిది నెలల్లో ఆమె అతన్ని ‘నువ్వు’ అనడం అదే మొదలు. అతను ఫారం అందుకుని, ఖాళీగా ఉన్న గడి వంక చూస్తూ నిలబడ్డాడు.

“టీ తాగుతూ చెప్పొచ్చా?”

ఆమె అలవాటుగా వాచీ చూసుకుంది. చేయి దించింది.

“తాగుదాం. ఇక అరగంట ఆగక్కర్లేదు.”