విజయమ్మ చార్టు

"పదకొండు పేర్లు," అన్నాడు చీఫ్ కోటేశ్వరరావు ఫోన్‌లో. "విదేశాల్లో ఉన్న మన ఏజెంట్లవి. మధ్యాహ్నం పన్నెండుకు ముఠా ఆ ఫైల్‌ని డౌన్‌లోడ్ చేసుకుంటుంది. సాయంత్రానికి పదకొండు శవాలు."

"ఎక్కడ దాచినారు?" అడిగాడు ఏజెంట్ పాల్ రాజు.

"మార్కాపురంలో. ఇళ్లకు వెళ్లి రోగులను చూసే నర్సుల ఆఫీసు ఒకటుంది కదా, వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో. ఒక పేషెంటు చార్టులో ల్యాబ్ రిపోర్టు పేరుతో అప్‌లోడ్ చేశారు." చీఫ్ గొంతు తగ్గింది. "పేషెంటు పేరు విజయమ్మ."

విజయమ్మ పాల్ రాజు భార్య. పోయి మూడు నెలలైంది.

పదకొండూ నలభైకి అతను తర్లుపాడు రోడ్డులో పలకల దుకాణం మీదున్న ఆ నర్సుల ఆఫీసు మెట్లెక్కాడు. నీలం చొక్కా, పెట్టుడు మీసం, చేతిలో టూల్ బ్యాగ్. కంప్యూటర్ ముందు సూపర్‌వైజర్ రూబీ, తనూ నర్సే. ఎర్రటి గోళ్లు, నెత్తిమీద నల్ల కళ్లద్దాలు. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది. రెండేళ్లుగా ఆమె మన మనిషి.

"ఏంది, మెకానిక్కా? స్కానర్ బాగనే ఉందే."

"బేస్తవారిపేటలో వానంట మేడమ్."

"ఇక్కడ పలకలు ఆరినాయి."

కోడ్ సరిపోయింది. రూబీ తలుపు గడియ పెట్టింది. "మీసం ఊడతాంది, చూసుకో అన్నా."

"ఆ ఫైల్ తీసెయ్."

"చార్టులో ఎక్కిన కాగితం ఎవరూ తీయలేరు. చార్టునే మూసేయాల. డెత్ సర్టిఫికెట్ అప్‌లోడ్ చేస్తే గాని అది మూసుకోదు. నీకు మూడుసార్లు ఫోన్ చేసినా. రేపు తెస్తా, రేపు తెస్తా అంటివి. వాళ్లకు కావాల్సింది అట్లాంటి చార్టే. మనిషి లేదు, చార్టు బతికే ఉంది. దాన్ని ఎవరు తెరిచి చూస్తారు?"

డెత్ సర్టిఫికెట్ కాగితం మూడు నెలలుగా అతని జేబులోనే ఉంది. లోకంలో ఒక్కచోటైనా విజయమ్మ పేరు పక్కన 'యాక్టివ్' అని ఉంది. దాన్ని చెరపడానికి అతనికి చేతులు రాలేదు.

చీఫ్ ఇచ్చిన పెన్ను కెమెరాతో కాగితాన్ని స్కాన్ చేశాడు. చార్టు తెరిచాడు. అప్‌లోడ్ బటన్ పైన నర్సు చివరి నోట్ కనిపించింది. ఆ రోజు అతను వేరే దేశంలో, వేరే పేరుతో ఉన్నాడు.

'పేషెంటు భర్త కోసం అడిగింది. బస్సు దోర్నాల దాటింది, వస్తున్నాడని చెప్పాను. సరే అని కళ్లు మూసుకుంది. నొప్పి లేదు.' కింద రూబీ పేరు.

"అబద్ధం రాసినావా?"

"చెప్పింది అబద్ధం. రాసింది నిజమే." రూబీ తల వంచుకుంది. "చానామందికి అబద్ధాలు చెప్పినా అన్నా. సిగ్గుపడనిది అదొక్కటే."

"మూసినాక ఇది మళ్లా చూడొచ్చా?"

"ఎవరికీ తెరుచుకోదు."

పదకొండూ యాభై ఎనిమిది. తెర మూలన ఎర్ర చుక్క వెలిగింది. బయటివాడెవడో లాగిన్ అయ్యాడు. రూబీ తొందరపెట్టలేదు, కిటికీ వైపు తిరిగి నిలబడింది. అతను ఆ నోట్‌ను మరోసారి చదివాడు. పదకొండు ఇళ్లలో ఎవరెవరో బస్సు కోసం చూస్తూ ఉంటారు. వాళ్ల బస్సులైనా రావాలి.

నొక్కాడు.

నలభై శాతం. ఎనభై. పన్నెండుకు నాలుగు సెకన్లు ఉన్నాయనగా విజయమ్మ పేరు బూడిద రంగులోకి మారింది. ఎర్ర చుక్క రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది.

అతని ఫోన్ మోగింది. చీఫ్ కాదు, సాఫ్ట్‌వేర్ పంపిన మెసేజ్: 'విజయమ్మ గారికి సేవ చేసే అవకాశం ఇచ్చినందుకు ధన్యవాదాలు. మాకు ఎన్ని స్టార్లు ఇస్తారు?'

పాల్ రాజు మీసం పీకేసి, మొహం తుడుచుకుని, ఐదూ నొక్కాడు. అభిప్రాయం రాయమన్న చోట మాత్రం ఖాళీగా వదిలేశాడు. గూఢచారులు ఏదీ రాతపూర్వకంగా ఇవ్వరు.