షెడ్డులో తాత

ఆ షెడ్డు గురించి వీధిలో ఎవర్నడిగినా గొంతు తగ్గించే చెబుతారు.

ఇంటి వెనక, పెరటిగోడకి ఆనించి కట్టిన రేకుల షెడ్డు అది. వడ్రంగి మేస్త్రీ ముప్పయ్యేళ్లు అందులోనే పనిచేశాడు. పోయినేడాది చలికాలం మొదట్లో ఓ సాయంత్రం పనిబల్ల మీదికి అలా వాలిపోయాడు... చేతిలో చిత్రిక చేతిలోనే ఉంది. మళ్లీ లేవలేదు. కరెంటు తీగ పీకేశారు, తలుపుకి తాళమేశారు, తాళంచెవి ఇంట్లో మేకుకి తగిలించారు. అక్కడితో అయిపోవాలి కదా?

అవలేదు.

రెండు నెలలుగా చీకటిపడితే చాలు — సర్ర్... సర్ర్... — లోపల ఎవరో చిత్రిక పడుతున్న చప్పుడు. పాలాయన విన్నాడు. గోడవతల కుట్టుమిషనావిడ వింది. రేకుల సందులో వెలుతురు కదలడం కూడా చూశానని ఒట్టేసి మరీ చెప్పింది. ధైర్యం చేసి వెళ్లి చూస్తే తాళం వేసింది వేసినట్టే ఉంది!

సరిగ్గా ఆ ఇంటికే క్రిస్మస్ చేసుకుందామని బిలబిలమంటూ అందరూ దిగారు. పెద్దకూతురు, లెక్కలు చెప్పే మాస్టారైన ఆమె మొగుడు, వాళ్ల కొడుకులిద్దరు. చిన్నకూతురు, బస్సు కండక్టరైన ఆమె మొగుడు, ఒకటో తరగతి చదివే వాళ్ల కూతురు బఠాణీ, ఎనిమిది నెలల బుజ్జిగాడు. ఇంతమందికి మధ్యలో ఇల్లుగలావిడ, అంటే మేస్త్రీ భార్య. ఇల్లంతా రంగుకాగితాలే. నక్షత్రం ఎక్కడ కట్టాలో అల్లుళ్లిద్దరికీ పొద్దుణ్ణించీ తేలలేదు. నాలుగుసార్లు కట్టి నాలుగుసార్లు విప్పారు.

కథ ఈ కండక్టరుది. బస్సులో అయితే పులి. కాలు పెట్టే చోటు లేనంత జనంలో కూడా ఈదుకుంటూ వెళ్లి ఆఖరి సీటు వాడికి టిక్కెట్టు కొట్టి రాగలడు. దెయ్యం మాటెత్తితే మాత్రం మనిషి సగమైపోతాడు. రాత్రి పెరట్లోకి వెళ్లాలంటే పెళ్లాం గుమ్మంలో నిలబడి పాట పాడాలి. ఆవిడ గొంతు బాగుండదు, అయినా సరే పాడాలి.

అలాంటివాడికి ఆ షెడ్డుతోనే పనిపడింది.

ఏమిటంటే... ఆ ఇంట్లో మనవడో మనవరాలో పుడితే, వాళ్ల మొదటి క్రిస్మస్‌కి మేస్త్రీ తన చేత్తో ఓ చెక్కబొమ్మ చేసిచ్చేవాడు. మాస్టారి పెద్దోడికి లారీ, చిన్నోడికి ఏనుగు, బఠాణీకి తాడు కట్టి లాగితే తల ఊపే బాతు. ఇప్పుడు బుజ్జిగాడి మొదటి క్రిస్మస్. వాడు పుట్టకముందే తాత పోయాడు.

కండక్టరు ఊరుకోలేదు. లైట్లు వెలిగి, హారన్ కొట్టుకుంటూ గిర్రున తిరిగే ప్లాస్టిక్ బస్సు కొన్నాడు. పెళ్లానికి చూపించాడు. ఆవిడ "బావుందండీ" అంది. అని పక్కకి తిరిగి పడుకుంది. కాసేపటికి తలగడ తడిసింది.

"అందరు పిల్లలకీ నాన్న చేతి బొమ్మ ఉంది. వీడొక్కడికే లేదు," అంది.

అప్పుడు గుర్తొచ్చింది కండక్టరుకి. పోవడానికి వారం ముందు మావగారు తనని పక్కకి పిలిచి, "వచ్చేవాడికి గుర్రం మొదలెట్టానయ్యా, అమ్మాయికి చెప్పకు," అన్నాడు. అంటే... ఆ గుర్రం, సగమో పావో, ఆ షెడ్డులోనే ఉండాలి!

మూడురోజుల్నుంచీ తాళంచెవి దగ్గరికి వెళ్తున్నాడు, ముట్టుకుంటున్నాడు, మంచినీళ్లు తాగి వచ్చేస్తున్నాడు. చూస్తుండగానే క్రిస్మస్ ముందురోజు వచ్చేసింది.

చలికాలం కదా, సాయంత్రం ఏడుకే కటిక చీకటి. అత్తగారు రోజూలాగే చర్చిలో పాటల ప్రాక్టీసుకని వెళ్లింది. పిల్లలు హాల్లో క్రిస్మస్ చెట్టుకి బెలూన్లు కడుతున్నారు. ఎగిరిపోయిన బెలూను కోసం పెరట్లోకి పరిగెత్తిన బఠాణీ రొప్పుకుంటూ వచ్చింది.

"నాన్నా, షెడ్డులో తాత ఉన్నాడు. బొమ్మ చేస్తున్నాడు!"

"క్రిస్మస్ తాతా?" అన్నాడు మాస్టారు, నవ్వు తెచ్చిపెట్టుకుని.

"తాత, పెదనాన్నా!"

"అదే... ఎర్రకోటు తాతేనా అని."

"అబ్బా! తాతంటే తాతే! తలుపు కన్నంలోంచి చూశాగా."

చిన్నకూతురు చేతిలో జిగురుసీసా కిందపడింది. పెద్దకూతురు పిల్లలందర్నీ కోడిపిల్లల్లా పోగేసి సోఫా మీదికి ఎక్కించేసింది.

దెయ్యాలు లేవని పదిమందికీ క్లాసు పీకే మాస్టారు లేచి నిలబడ్డాడు... మళ్లీ కూర్చున్నాడు. "మోకాలు పట్టేసింది తమ్ముడూ. లేకపోతే నేనే వెళ్దును."

"ఎప్పట్నించి అన్నయ్యగారూ?"

"ఇప్పట్నించే."

కండక్టరు పెళ్లాం వంక చూశాడు. ఆవిడ ఒళ్లో బుజ్జిగాడు బోసినోటితో బెలూను కొరకాలని చూస్తున్నాడు. రేపు పొద్దున అందరు పిల్లలూ తమ పాత చెక్కబొమ్మలు తెచ్చుకుని ఆ చెట్టు కింద పెడతారు. వాడి ముందు హారన్ కొట్టే ప్లాస్టిక్ బస్సు. ఏమైతే అయిందనుకున్నాడు.

డ్యూటీ ఈల మెళ్లో వేసుకున్నాడు. టార్చి, మేకుకున్న తాళంచెవి తీసుకున్నాడు. "ఒక్క ఈల వేస్తే బస్సు ఆపమన్నట్టు. అంటే నేను ఆపదలో ఉన్నాను, పరిగెత్తుకు రండి. రెండు ఈలలేస్తే రైట్ రైట్. ఎవరూ రానక్కర్లేదు. అర్థమైందా?"

"ఈల వెయ్యలేకపోతే?" అన్నాడు మాస్టారు.

"మోకాలు చూసుకోండి మీరు," అని కండక్టరు పెరట్లోకి నడిచాడు.

పెరడు ఇరవై అడుగులు. ఆ రాత్రి ఇరవై స్టేజీల దూరంలా ఉంది. పెళ్లాం గుమ్మంలో నిలబడి పాట అందుకుంది గానీ, రెండో లైనులోనే ఆగిపోయింది.

సర్ర్... సర్ర్...

నిజమే. లోపల్నించే.

తాళంచెవి తాళంలో పెట్టబోయాడు. అది కన్నం దొరకనంది. మూడోసారికి దూరింది. కటక్...

లోపల చప్పుడు ఆగిపోయింది.

తలుపు తోశాడు. ఎక్కడో మూల గుడ్డిదీపం... అతను చూస్తుండగానే ఆరిపోయింది. ఎవరో ఊదినట్టు — ఉఫ్!

చెక్కపొట్టు వాసన. చీకటి. ఎవరిదో ఊపిరి.

"ఎ... ఎవరూ?" అన్నాడు. గొంతు తనదిలా లేదు.

టార్చి నొక్కాడు. వెలుగు ముందు గోడ మీద రంపాల మీద పడింది. తర్వాత పనిబల్ల. బల్ల ముందు స్టూలు... స్టూలు మీద ఇటు వీపుపెట్టి కూర్చున్న మనిషి. గోధుమరంగు పాతకోటు. మోచేతి దగ్గర నల్ల అతుకు. నెత్తిన ఉన్నిటోపీ.

ఆ కోటు ఎవరిదో కండక్టరుకి తెలుసు. ఆ అతుకు కూడా తెలుసు. పై ప్రాణాలు పైనే పోయాయి.

"మావయ్యగారూ..." చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. టార్చి చంకలో ఇరుక్కుంది. "నేనేనండీ, మీ చిన్నల్లుణ్ణి... గుర్రం కోసం వచ్చానండీ... ఎంతవరకైతే అంతే ఇచ్చెయ్యండి... సగం గుర్రమైనా ఫరవాలేదు... పట్టుకుని వెళ్లిపోతాను..."

కోటు మెల్లగా కదిలింది. భుజం తిరిగింది. టోపీ తిరిగింది...

కండక్టరు కళ్లు గట్టిగా మూసుకుని ఈల ఊదాడు. ఊదుడంటే మామూలు ఊదుడు కాదు. వీధి చివర ఆగున్న ఆటో వాడు కూడా ఉలిక్కిపడి బండి స్టార్ట్ చేశాడు.

"నీ దుంపతెగ! చెవులు చిల్లులు పడ్డాయి!" అంది దెయ్యం.

ఆ వెంటనే నాలిక్కరుచుకుంది. "అయ్యో, అల్లుడుగారూ... మీరా?"

కండక్టరు ఒక కన్ను తెరిచాడు. టోపీ కింద అత్తగారి మొహం. ముక్కు మీదికి జారిన కళ్లజోడు. కనుబొమ్మల నిండా చెక్కపొట్టు. పదకొండేళ్లలో ఆవిడ నోట "అల్లుడుగారూ" తప్ప ఇంకో మాట విననివాడు, ఆ తిట్టు వినగానే ప్రాణం లేచొచ్చి నేలమీద కూలబడ్డాడు.

"అత్తయ్యా... మీరు చర్చిలో పాటలు..."

"నా గొంతుకి పాటలు కూడానా! ముందు వాళ్లని ఆపండి బాబూ, వస్తున్నారు."

నిజమే, పెరట్లో అడుగుల చప్పుడు. అందరికన్నా ముందు మోకాలు పట్టేసిన మాస్టారే పరిగెత్తుకొస్తున్నాడు, చేతిలో చీపురుతో. కండక్టరు రెండు ఈలలేశాడు. "రైట్ రైట్! ఎలుకలు! వెళ్లండి!" అని అరిచాడు. అడుగులు ఆగాయి. గొణుక్కుంటూ వెనక్కి మళ్లాయి.

అత్తగారు దీపం వెలిగించింది. బల్ల మీద గుర్రం. మొండెం, తల నున్నగా, చూడముచ్చటగా ఉన్నాయి. అవి మేస్త్రీ చేసినవి. కాళ్లు మాత్రం నాలుగూ నాలుగు రకాలు. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఒకటి ఎటో వెళ్లిపోదామని చూస్తోంది.

"ఇవి నావి," అంది ఆవిడ, సిగ్గుపడుతూ. రెండు చేతులకీ కలిపి నాలుగు వేళ్లకి ప్లాస్టర్లున్నాయి. ఉల్లిపాయలు తరుగుతుంటే తెగాయని ఇంట్లో చెప్పింది.

"తాళం తియ్యకుండా లోపలికి ఎలా...?"

"వెనక సందులోకి చిన్న తలుపుంది, చెక్కలు దింపుకోవడానికి. మీకెవరికీ తెలీదు. ఈ కోటంటారా... ఇక్కడ చలి. ఆయనది వేసుకుంటే..."

"మాకు చెప్పుండొచ్చుగా అత్తయ్యా!"

"చెబితే చెయ్యనిస్తారా? కళ్లు కనపడవు, చేతులు తెగుతాయి, కూర్చోమ్మా అంటారు. ఏడాదిగా కూర్చునే ఉన్నాను. ఇక్కడికొస్తే ఆయన పక్కనున్నట్టుంటుంది. బతికున్నప్పుడు నన్ను ఉలి ముట్టుకోనిచ్చేవారు కాదు, పాడుచేస్తావనేవారు. ఇప్పుడు చూస్తే ఏమంటారో, అదే నా భయం. మీ దెయ్యం భయం కాదు."

కండక్టరుకి తన కొడుక్కోసం ఈ ముసలావిడ రెండు నెలలు వేళ్లు కోసుకుందని తలచుకుంటే, కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టేశాడు కూడా.

"దణ్ణాలు తర్వాత. అన్ని బొమ్మల కిందా ఆయన 'తాత' అని చెక్కేవారు. నా చెయ్యి వణుకుతోంది. దీనికి మీరు చెక్కండి."

కండక్టరు ఉలి అందుకున్నాడు. గుర్రాన్ని తిరగేశాడు. ఆగాడు.

"తాత ఎందుకత్తయ్యా? మీ పేరే ఉండాలి. అమ్మమ్మ."

"పిల్లలు తాత చేశాడనుకోవాలనే కదా నా తాపత్రయం!"

"వాడికి అమ్మమ్మ చేసింది. ఈ కాళ్లు చూసి మావయ్య చేశారంటే ఆయన పరువు పోతుంది."

ఆవిడ ఫక్కున నవ్వింది. ఆ ఇంట్లో ఆ నవ్వు విని ఏడాది దాటింది.

చెక్కడం మొదలెట్టాక తెలిసొచ్చింది కండక్టరుకి. 'తాత' అంటే గీతకో వంపు, రెండక్షరాలు, గబగబా అయిపోతుంది. 'అమ్మమ్మ' అంటే మెలికలే మెలికలు. ఒక మలుపు తిప్పేసరికి ఇంకో మలుపు, కింద మళ్లీ ఒత్తులు. "ఇది ఘాట్‌రోడ్డు అత్తయ్యా," అన్నాడు చెమట తుడుచుకుంటూ. ఆవిడ దీపం ఎత్తి పట్టుకుంది. అన్నానికి పిలిచేలోపు ఎలాగో పూర్తిచేశారు.

తెల్లారింది. ఒకటే గోల. మాస్టారు ఎర్రటోపీ పెట్టుకుని కేకు కోస్తున్నాడు, ముక్కలన్నీ కొలిచినట్టు సమానంగా రావాలని తంటాలు పడుతున్నాడు. చెట్టు కింద లారీ, ఏనుగు, బాతు. వాటి పక్కన — గుర్రం.

చిన్నకూతురు చూసింది. "ఈ తల... నాన్న చేసిందే కదూ?" అంది మొగుడితో.

ఈమధ్యే అక్షరాలొచ్చి కనపడిన ప్రతిదీ చదివేస్తున్న బఠాణీ గుర్రాన్ని తిరగేసి పట్టుకుంది. "అ... మ్మ... మ్మ."

అందరి తలలూ ఒక్కసారి అమ్మమ్మ వైపు తిరిగాయి. ఆవిడ చేతులు కొంగులో దాచుకోబోయింది. చిన్నకూతురు వెళ్లి ఆ చేతులు బయటికి లాగి, ప్లాస్టర్లు ఒక్కొక్కటే తడిమి, తల్లి ఒళ్లో మొహం పెట్టుకుని ఏడ్చేసింది. సంతోషంతోనే. ఈలోగా బుజ్జిగాడు గుర్రం చెవి నోట్లో పెట్టుకున్నాడు. మరి వదల్లేదు. కండక్టరు రాత్రి షెడ్డులో చూసిందంతా, కోటూ టోపీతో సహా చెప్పేశాడు.

"అయితే చప్పుళ్లన్నీ అత్తయ్యగారివేనన్నమాట!" అని మాస్టారు ఛాతీ విరిచాడు. "దెయ్యాల్లేవని నేను మొదట్నించీ చెప్పడం లేదూ? బఠాణీ, నువ్వు చూసిన తాత ఎవరో తెలిసిందా? కోటూ టోపీ వేసుకున్న మీ అమ్మమ్మ!"

బఠాణీ మూతి తిప్పింది.

"అమ్మమ్మ నాకు తెలీదేంటి పెదనాన్నా? అమ్మమ్మ కోటేసుకుని స్టూలు మీద కూర్చుంది. తాత పక్కన నిలబడి నేర్పిస్తున్నాడు."

కేకు కోస్తున్న చాకు ఆగిపోయింది. కండక్టరు చెయ్యి మెల్లగా పెళ్లాం చెయ్యి వెతుక్కుంది.

అమ్మమ్మ మాత్రం బఠాణీని దగ్గరికి తీసుకుంది. చెవి దగ్గర నోరు పెట్టి, గుసగుసగా అడిగింది.

"కోపంగా ఉన్నాడామ్మా?"

"లేదు అమ్మమ్మా. నవ్వుతున్నాడు."

ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడిచింది. కళ్లు కూడా తుడుచుకుంది.

"అయితే సరే," అంది. "నిలబడి చూస్తారేం, పిల్లలకి కేకు పెట్టండి."