తువ్వాలేసిన సీటు

హిందూపురం బస్టాండులో బస్సు ఆగకముందే సీట్లన్నీ నిండిపోయేవి. మనుషులతో కాదు, తువ్వాళ్లతో. బస్సు మలుపు తిరుగుతుండగానే జనం దాని పక్కన పరుగెత్తుతూ కిటికీల్లోంచి తువ్వాళ్లు, సంచులు, చివరికి తలకు చుట్టుకున్న రుమాళ్లు కూడా విసిరేవాళ్లు. గుడ్డ ఎక్కడ పడితే ఆ చోటు వాళ్లది. దాన్ని తీసి కూర్చున్న మగాడు ఆ చుట్టుపక్కల లేడు. పోలీసు జవానైనా, సీటు మీద ఎవరిదో మాసిన తువ్వాలు కనిపిస్తే నిలబడే ప్రయాణం చేసేవాడు. తువ్వాలేసిన మనిషి బీడీకో మంచినీళ్లకో పోతూ పక్కాయనతో "కొంచెం చూసుకోప్పా, ఇప్పుడే వస్తా" అనేవాడు. పక్కాయన "సరే పో, నేనుంటా" అనేవాడు. టికెట్టు కన్నా ఆ మాటే గట్టిది.

ఈ అలవాటును మాన్పించాలని ఈశ్వరప్ప కంకణం కట్టుకున్నాడు. ఆయన ఒక ప్రైవేటు బస్సు కంపెనీలో లైను ఇన్‌స్పెక్టరు. కాపురం పెనుకొండలో. రెండేళ్ల కిందట ఆయన భార్య కమలాక్షి తొలి కానుపుకని ధర్మవరంలో పుట్టింటికి బయలుదేరింది. బస్సులో సీట్ల నిండా తువ్వాళ్లు. ఏడు నెలల కడుపుతో కమ్మీ పట్టుకుని ఆ గుంతల రోడ్డంతా నిలబడే పోయింది. ఆ బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత ఈశ్వరప్ప బస్సుల సంగతి తప్ప మరో సంగతి మాట్లాడగా ఎవరూ వినలేదు.

ఆయన మాట ఓనరు చెవికెక్కింది మాత్రం నిరుడు చిత్త కార్తె వానల్లో. తిప్పన్న అనే ధర్మవరం నేతగాడు పట్టు కొనడానికి హిందూపురం వచ్చాడు. తిరుగు ప్రయాణంలో సీటు మీద తువ్వాలేసి నీళ్లకు పోయాడు. వచ్చేసరికి బస్సు కదిలింది. తలుపు దగ్గర జనం. కిటికీ పట్టుకుని దూరబోయి, జారి, వెనక చక్రం కింద పడి చచ్చిపోయాడు. అప్పుడు ఈశ్వరప్ప వేరే లైన్లో ఉన్నాడు. ఆ మనిషి ముఖం కూడా చూడలేదు.

ఓనరు చిన్నస్వామి ఒక్క బస్సుకు, తిప్పన్న పడినదానికే, ఒప్పుకున్నాడు. పాత బాడీ విప్పించి కొత్తది కట్టించారు. కిటికీలకు అడ్డంగా ఇనుప కమ్మీలు వచ్చాయి, ఇక ఎవరూ తువ్వాలు విసరలేరు, దూరలేరు. వెనక గడియ ఉన్న తలుపు పెట్టారు. ప్రతి సీటు వీపు మీద తెల్ల రంగుతో నంబరు రాయించారు. "జనం మెచ్చితే మిగతా బండ్లకూ చేయిస్తా. లేదంటే నీ నంబర్లు నేనే తుడిపేస్తా" అన్నాడు చిన్నస్వామి.

తొలి ప్రయాణం సాయంత్రం నాలుగింటి బస్సు. మళ్లీ చిత్త కార్తె. పొద్దున్నించి ముసురు.

"ఏందప్పా ఇది, బస్సా, సబ్ జైలా?" అన్నాడు ఒక రైతు కమ్మీలు తడుముతూ.

"నా కోడిని గంపలో పెడితే, నువ్వు నన్నే గంపలో పెడ్తివి కదప్పా!" అంది సోమందేపల్లి అవ్వ. అందరూ నవ్వారు. నవ్వుతూనే ఎవరి నంబరు వాళ్లు వెతుక్కుని కూర్చున్నారు. తోపులాట లేదు. కండక్టరు నూరుల్లా చొక్కా గుండీలన్నీ నిలిచి ఉన్నాయి. ఈశ్వరప్పకు కడుపు నిండింది.

పదకొండో నంబరు మూడో వరుసలో కిటికీ పక్కది. దాన్ని ఆయన కమలాక్షి కోసం అట్టిపెట్టాడు. ఆమెకిప్పుడు ఎనిమిదో నెల. పెనుకొండలో ఎక్కుతుంది. పన్నెండులో తాను కూర్చుని దగ్గరుండి ధర్మవరంలో దింపి వస్తాడు. బస్సంతా ఒకసారి చూసుకుని తన సీటుకు వచ్చాడు.

పదకొండో సీటు మీద తువ్వాలు పరిచి ఉంది.

ఎర్రంచు నేత తువ్వాలు. తడిసి ముద్దయి ఉంది. ఎవడు వేశాడా అని చూస్తే కమ్మీల అవతల వానలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తల మీద గోనెసంచి. ముఖం సరిగా కనబడలేదు.

"కొంచెం చూసుకోప్పా" అన్నాడు. "ఇప్పుడే వస్తా."

"సరే పో, నేనుంటా" అన్నాడు ఈశ్వరప్ప.

అన్నాక గానీ తెలియలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అంటున్న మాట, నాలుక మీది నుంచి దానంతట అదే జారింది. తనమీద తనకే చిరాకు వేసింది. వచ్చాక వేరే నంబరు చూపిద్దాం అనుకుని పన్నెండులో కూర్చున్నాడు.

మనిషి రాలేదు. నూరుల్లా తలుపు మూసి గడియ వేశాడు. డ్రైవరు హనుమంతు బస్సు కదిలించాడు.

ఊరు దాటేసరికి వాన ఏటవాలుగా కొట్టసాగింది. టార్పాలిన్ తెరలు దించేశారు. బస్సులో చీకటి కమ్ముకుంది. తడి గోనె, బీడీ, కొత్త రంగు వాసనలు కలిసి గొంతులో దిగాయి. వాటి అడుగున ఇంకో వాసన... గంజి పట్టిన పట్టు నానినప్పుడు వచ్చే చౌడు వాసన.

ఈశ్వరప్ప తువ్వాలు తీయబోయాడు. రాలేదు. మేకు కొట్టినట్టు సీటుకు పట్టుకుని ఉంది. లేచి రెండు చేతులా లాగుదామనుకున్నాడు.

లేవలేకపోయాడు.

నొప్పి లేదు. తిమ్మిరి లేదు. లేవాలన్న తలంపు మోకాళ్ల దాకా పోయి అక్కడ ఆగిపోతోంది.

"నూరుల్లా" అని పిలిచాడు మెల్లగా.

కండక్టరు వచ్చి తువ్వాలు చూశాడు. ఉన్నచోటే బిగుసుకుపోయాడు. "ఇది... యాడిది సామీ?"

"ఎవరో చూసుకోమన్నాడు."

"మీరేమంటిరి?"

"సరే అన్నా."

నూరుల్లా వంగి చెవి దగ్గర అన్నాడు. "మూడో వరస, కిటికీ పక్క. తిప్పన్న సీటు సామీ ఇది. ఆ పొద్దు పక్కాయన 'సరే పో, నేనుంటా' అన్న్యాడు. బండి కదుల్తానే ఈ తువ్వాల తీసి కింద పారేసి, తన బావమరిదిని కూచోబెట్టుకున్న్యాడు. నేను కండ్లారా చూస్తి. అది కిటికీలోంచి చూసే తిప్పన్న ఎగిరి పట్టుకున్న్యాడు."

"నోర్ముయ్" అన్నాడు ఈశ్వరప్ప.

అప్పుడు వినిపించింది.

తెర అవతల, రోడ్డు మీద, అడుగుల చప్పుడు. ఉత్తకాళ్లు. బురదలో చప్... చప్... చప్... పరుగు. బస్సు ఎంత జోరుగా పోతే అంత జోరుగా. గుంత వచ్చి బస్సు నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తోంది. సోమందేపల్లిలో కోడి గంప అవ్వ దిగేటప్పుడు ఆ చప్పుడు వెనక తలుపు వైపు మళ్లింది. నూరుల్లా అవ్వను దాదాపు తోసేసి దడాలున తలుపు మూశాడు.

"ఏం పుట్టిందిరా నీకు!" అని అవ్వ తిట్టు బయట వినిపించింది. వెంటనే అడుగులు మళ్లీ కిటికీ పక్కకు వచ్చాయి.

టార్పాలిన్ లోపలికి ఉబ్బింది. గాలి కాదు. వేళ్లు. ఒక్కొక్క కమ్మీనే తడుముకుంటూ పోతున్నాయి. సందు కోసం.

"వస్తాండా..." అంది గొంతు. ఆయాసపడుతూ, ఎంతో మర్యాదగా. "వస్తాండాప్పా... ఉండు..."

ఈశ్వరప్పకు అంతా తేటతెల్లమైంది. కమ్మీలు తానే వేయించాడు. తలుపుకు గడియ తానే పెట్టించాడు. వాడు లోపలికి రాలేడు. వాడు వచ్చేదాకా తాను లేవలేడు.

"తలుపు తీద్దామా సామీ?" అన్నాడు నూరుల్లా గడియ వైపు చూస్తూ. "ఎక్కి కూచుంటే మిమ్మల్ని ఇడుస్తాడేమో..."

ఆ మాటకు ఈశ్వరప్ప ప్రాణం ఒక్క క్షణం లేచి వచ్చింది. అంతలో గుర్తొచ్చింది. పెనుకొండలో తలుపు తెరవక తప్పదు. కమలాక్షి ఎక్కుతుంది. ఆమె వెనకే వాడూ ఎక్కుతాడు. ఆమెకని పెట్టిన సీటు వాడిది.

"హనుమంతూ!" అని అరిచాడు. "పెనుకొండలో ఆపొద్దు!"

"ఏంది సామీ? అమ్మగారు..."

"ఆపొద్దంటున్నా! ఊరు దాటినాక ఆపు!"

పెనుకొండలో దిగాల్సినవాళ్లు కేకలేశారు. "ఏమబ్బా, మేమేమన్నా దూడలమా, నీ ఇష్టమొచ్చిన కాడ ఇడ్సడానికి?" ఈశ్వరప్ప వినలేదు. తెర అంచు వేలితో ఎత్తి పట్టుకున్నాడు. కొండ నల్లగా కదిలింది. టీ బంకు ముందు లాంతరు. పక్కన ట్రంకు పెట్టె. కమలాక్షి ఒక చెయ్యి నడుముకు ఆనించి నిలబడి ఉంది. బస్సును చూసి నవ్వుతూ రెండో చెయ్యి ఎత్తింది.

బస్సు ఆగలేదు. ఆ చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. ఆ ముఖం ఆయన మరి చూడలేకపోయాడు. తెర వదిలేశాడు.

ఇంటికి తిరిగిపోయి తిట్టుకుంటుంది. తిట్టుకోనీ. ఇంట్లోనే ఉంటుంది కదా, చాలు.

ఊరు దాటి సత్రం దగ్గర బస్సు ఆగింది. జనం గొణుక్కుంటూ దిగారు. తలుపు బార్లా తెరిచి ఉంది. నూరుల్లా కళ్లు మూసుకుని ఏదో చదువుకుంటున్నాడు.

ఎవరూ ఎక్కలేదు.

వాన చప్పుడు తప్ప మరేం లేదు. అడుగులు... లేవు. ఎప్పుడు ఆగిపోయాయో ఎవరూ గమనించలేదు. పదకొండో సీటు మీద తడి మరక మాత్రం ఉంది. తువ్వాలు లేదు.

"పోయినాడు సామీ!" నూరుల్లా ఏడ్చినంత పని చేశాడు. "పెనుకొండలోనే నిల్చిపాయ!"

ఈశ్వరప్ప లేచి నిలబడి ఉన్నాడు. తాను లేచిన సంగతి ఆయనకు అప్పుడే తెలిసింది. పెనుకొండలో... నిలిచిపోయాడు.

ఆయన బస్సులోంచి దూకి వెనక్కి పరుగెత్తాడు.

టీ బంకు ముందు లాంతరు వెలుగుతోంది. బంకు నడిపే నరసమ్మ చూరు కింద స్టూలు మీద కూర్చుని ఉంది. ఆమె ముందు ట్రంకు పెట్టె. కమలాక్షి లేదు.

"ఏం సామీ, ఇట్లొస్తివి?" అంది నరసమ్మ. "ఆయమ్మ ఎక్కె కదా, ఇప్పుడే."

"ఏ బస్సు ఎక్కింది?"

"మీ బస్సే. ఒకటి ఆపకుండా పాయ. దాని ఎనకాల్నే ఇంకోటి వచ్చె. కిటికీలకు కమ్మీలు ల్యా, పాతదే. లోపల్నుంచి ఎవరో, సీటుండాది రామ్మా అన్న్యారు."

ఆ దారిలో ఆ పూట ఇంకో బస్సు లేదు. కమ్మీలు లేని పాత బాడీని నెల కిందటే గొడ్డళ్లతో పగలగొట్టి కట్టెలకు అమ్మేశారు. దగ్గరుండి పగలగొట్టించింది ఈశ్వరప్పే.

"పెట్టె ఏల ఒదిలింది?"

"ఆ పిలిచినాయన చేతులు ఖాళీ ల్యావంట, మళ్లొచ్చి ఎత్తుకుంటానంది. కొంచెం చూసుకో నరసక్కా, ఇప్పుడే వస్తా అనె. సరే పోమ్మా, నేనుంటా అంటి." నరసమ్మ లాంతరు వెలుగులో తన కాళ్ల వంక చూసుకుంది. "అప్పట్నుంచీ ఏమో సామీ... పొయ్యి ఆరిపోతా ఉండాది. లేద్దామంటే కాళ్లు రావడంల్యా."

పెట్టె మీద ఎర్రంచు తువ్వాలు పరిచి ఉంది. చుట్టూ నేలంతా తడిసిపోయింది. తువ్వాలు మాత్రం ఇప్పుడే ఇస్త్రీ చేసినట్టు పొడిగా ఉంది.

"నువ్వన్నా కొంచెం చూసుకో సామీ" అంది నరసమ్మ. ఆమె గొంతులో ఏడుపు మొదలైంది. "నేను ఇంట్లో బిడ్డకు ఇంత ముద్ద పెట్టి వస్తా."

ఈశ్వరప్ప ధర్మవరం రోడ్డు వైపు చూశాడు. చీకటి, వాన. ఆపమని ఎత్తిన ఆ చెయ్యి కళ్ల ముందు కదిలింది. ఇప్పుడే వస్తానని పోయిన మనిషి, నేనుంటా అన్నవాడి దగ్గరికి తిరిగి రావాల్సిందే కదా, ఎంత ఆలస్యమైనా. పెట్టె పక్కన తడి నేల మీద కూర్చున్నాడు.

"సరే పో" అన్నాడు. "నేనుంటా."

నరసమ్మ వెంటనే లేచింది. వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. ఆయన మోకాళ్లలోకి మెల్లగా చల్లదనం దిగింది.

చాలాసేపు వాన తప్ప ఏమీ వినిపించలేదు. తర్వాత ధర్మవరం వైపు నుంచి, ఎంతో దూరంలో, బురదలో ఉత్తకాళ్ల చప్పుడు మొదలైంది.

ఒక్కరివి కాదు. రెండు జతలు పెద్దవి. వాటి వెనక, అందుకోలేక తడబడుతూ... చాలా చిన్న అడుగులు.